క్రాస్ కిట్ రివ్యూ: డెల్టా నీళ్లలో తిరిగే వ్యానుకు నిప్పల్ ఉన్నదా, సీల్డా?

ముందే తేల్చి చెప్పేస్తున్నాం. చేపలు, రొయ్యలు, ఐసు మోసే బండికి గ్రీజు నిప్పల్ (గన్నుతో గ్రీజు ఎక్కించే చిన్న మూతి) ఉన్న క్రాస్ కిట్టే కొనండి. క్రాస్ కిట్టంటే షాఫ్టు వంగే కీలులోని క్రాసు, దాని కప్పులు, లాకుల సెట్టు. దాంతోపాటు గ్రీజు గన్ను కూడా కొనండి. గన్ను పట్టే మనిషి లేకపోతే మాత్రం నిప్పల్ కిట్ దండగ, మంచి సీల్డ్ కిట్ (ఫ్యాక్టరీ గ్రీజుతో మూసి వచ్చేది) వేయించుకోవడం నయం. ఈ రెండు మాటల వెనక ఉన్న లెక్క చెప్పడానికే ఈ రివ్యూ. కంపెనీ పేర్ల పోటీ పెట్టడం లేదు. షాపులో డబ్బా విప్పి చూస్తే, అది మన నేలకు పనికొస్తుందో లేదో పేరుతో పని లేకుండానే తెలిసిపోతుంది.

వెనక చక్రాలు లాగే వ్యానులో, పికప్‌లో గేర్‌బాక్సు నుంచి వెనక హౌసింగ్ (వెనక ఇరుసు మధ్యలో గేర్లుండే పెట్టె) దాకా జాయింట్ షాఫ్టు ఉంటుంది. బండి ఊగినప్పుడల్లా హౌసింగ్ పైకీ కిందికీ పోతుంది కాబట్టి షాఫ్టు వంగుతూనే తిరగాలి. ఆ వంపును ఇచ్చేది క్రాసు: నాలుగు కాళ్లు, నాలుగు కప్పులు, ఒక్కో కప్పు లోపల గోడ వెంట నిలబెట్టిన సన్నటి నీడిల్ రోలర్లు. టాటా వింగర్ లాగా ముందు చక్రాలు లాగే బండికి ఈ క్రాసుల గొడవ లేదు. అక్కడ సీవీ జాయింట్లు (చక్రాన్ని తిప్పే ఇరుసు కొనల్లోని వంగే కీళ్లు) ఉంటాయి, వాటి ప్రాణం రబ్బరు బూటులో ఉంటుంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పి కదిలించినప్పుడు టకటకమంటే బూటు చిరిగి నీళ్లు పోయినట్టే.

అందరూ క్రాసు లోడుకు పోతుందనుకుంటారు. డెల్టాలో ఎక్కువగా పోయేది నీళ్లకి. ఎందుకంటే చక్రం బేరింగులా క్రాసు గిరగిరా తిరగదు. షాఫ్టు ఎంత వంగి ఉందో అంత కోణంలోనే కప్పు అటూ ఇటూ ఊగుతుంది. కోణం నాలుగు డిగ్రీలుంటే ఒక్కో రోలరు కదిలేది గోరంచు కన్నా తక్కువ. అదే చోట అదే రోలరు లక్షల సార్లు ఊగుతుంటే మధ్యలో గ్రీజు పక్కకు తొలగిపోతుంది, మళ్లీ దానంతటది వచ్చి చేరదు. ఆ ఖాళీలోకి ఉప్పునీటి చుక్క చేరిందా, ఇక పని జరిగిపోయినట్టే. కైకలూరు, ఆకివీడు వైపు చేపల బండ్లకు ట్రేల నుంచి ఐసునీళ్లు ప్లాట్‌ఫాం సందుల్లోంచి నేరుగా షాఫ్టు మీదికే కారతాయి. నరసాపురం, అంతర్వేది వైపు ఉప్పు చెరువుల గట్ల మీద తిరిగేవాటికి కిందనుంచి కూడా తగులుతుంది. లంక గ్రామాల కాజ్‌వేల మీద వరదనీరు హౌసింగ్ దాకా వస్తుంది.

అలా పోయిన క్రాసును విప్పి చూడండి. కప్పు ఊడదీయగానే గ్రీజు బదులు ఇటుక పొడి లాంటి ఎర్రటి తుప్పు అరచేతిలో రాలుతుంది. రోలర్లు కొన్ని అతుక్కుపోయి ఉంటాయి. కాలును గుడ్డతో తుడిచి వెలుతురుకు పెడితే, దువ్వెన పళ్ల వరసలా నిలువు గీతలు కనబడతాయి, ఒక్కో రోలరు కూర్చున్న చోట ఒక్కో గాడి. వేలిగోరు అడ్డంగా లాగితే ఆ గాళ్లలో తట్టుకుంటుంది. గోరు తట్టిన క్రాసుకు ఎంత గ్రీజు కొట్టినా లాభం లేదు. క్లచ్ వదలగానే కిందనుంచి వచ్చే "టక్" ఆ గాళ్లదే.

ఇక కిట్టు సంగతి. షాపులో అందరూ క్రాసు మెరుపు చూస్తారు, చూడాల్సింది సీలు. కప్పు మూతి దగ్గర రబ్బరుకు పెదవి ఒకటే ఉందా రెండున్నాయా చూడండి. మన నీళ్లకు రెండు పెదవులదే కావాలి, రేకు కవచం కూడా ఉంటే మరీ మంచిది. రబ్బరును వేలితో నొక్కి వదిలితే వెంటనే లేవాలి. నొక్కిన గుంట అలాగే ఉండిపోతే అది డబ్బాలోనే ముసలిదైపోయింది. తర్వాత నాలుగు కప్పుల్లోనూ రోలర్లు లెక్కపెట్టండి, నాలుగింట్లో సంఖ్య ఒకటే ఉండాలి. అన్నిటినీ ఒక పక్కకు జరిపినప్పుడు మిగిలే సందులో ఇంకో రోలరు పట్టేటంత చోటుంటే ఆ కిట్టు వద్దు. కాళ్ల మీద నీలం రంగు చారలుంటే గ్రైండింగులో కాలినట్టు, అదీ వద్దు. కొలత విషయంలో బండి పేరు చెప్పి తెచ్చుకోకండి. ఒకే మోడల్లో ఏడాదిని బట్టి కిట్లు మారుతుంటాయి. పాత కప్పు బయటి వ్యాసం, ఎదురెదురు కప్పుల అంచు నుంచి అంచుకు పొడవు, ఈ రెండూ వెర్నియర్‌తో కొలిచి వెళ్లండి. లాకు (కప్పు జారకుండా పట్టే రింగు) కప్పు బయట పడుతుందా లోపలి గాడిలో పడుతుందా అన్నది కూడా చూసుకోండి.

నిప్పల్ కిట్టుకూ సీల్డ్ కిట్టుకూ తేడా లోపలి రంధ్రాల్లో ఉంది. గ్రీజు నాలుగు కాళ్లకూ చేరాలంటే క్రాసు మధ్యనుంచి నాలుగు వైపులా తొలిచి ఉండాలి. తొలిచిన క్రాసు గట్టి క్రాసు కన్నా కొంచెం బలహీనమే, ఆ మాట నిజం. సీల్డ్ క్రాసులో రంధ్రాలు ఉండవు కాబట్టి బరువు బాగా ఆపుతుంది, ఫ్యాక్టరీలో పెట్టిన గ్రీజుతోనే దాని ఆయువు తీరుతుంది. అంబాజీపేట నుంచి కొబ్బరికాయలు, రావులపాలెం నుంచి అరటి గెలలు, కడియం నుంచి మొక్కలు తారురోడ్డు మీద మోసే బండికి సీల్డ్ కిట్టు చక్కగా సరిపోతుంది. దాని లోపమల్లా ఒకటే: నీళ్లు లోపలికి పోయాక బయటికి పంపే దారి లేదు. నిప్పల్ ఉన్నదాంట్లో కొత్త గ్రీజు పాత గ్రీజునూ నీళ్లనూ సీలు పెదవి దాటించి బయటికి తోసేస్తుంది. బలంలో పోయేదానికన్నా ఇక్కడ వచ్చేదే ఎక్కువ. తొలిచిన క్రాసుకు విరిగే భయం తగ్గించే చిన్న జాగ్రత్త కూడా ఉంది. బండి ముందుకు లాగేటప్పుడు క్రాసులో ఒక పక్క సాగుతుంది, ఒక పక్క నొక్కుకుంటుంది. నిప్పల్ రంధ్రం నొక్కుకునే పక్కకు రావాలి. గన్ను అందేలా షాఫ్టు వైపు పెట్టి, అన్ని క్రాసుల నిప్పళ్లూ ఒకే వరసలో వచ్చేలా బిగించండి. అప్పుడు బండి కిందికి దూరినవాడు షాఫ్టును ఒక్కసారి తిప్పితే అన్నీ అందుతాయి.

కిట్టులో పూసి వచ్చే గ్రీజును చూసి మోసపోవద్దు. నిప్పల్ రకంలో అది రోలర్లు రాలకుండా, తుప్పు పట్టకుండా పూసిందే. బిగించాక గన్ను కొట్టకుండా రోడ్డెక్కితే కొత్త కిట్టు కూడా ఎండిపోతుంది. "కిట్టు నాసిరకం" అని తిట్టుకునేవాటిలో చాలా వాటి కథ ఇంతే.

మిగతావాటి కథ బిగింపులో ఉంటుంది. కాబట్టి ఇది కొంచెం ఓపికగా చదవండి. షాఫ్టు దించే ముందు చక్రాలకు ముందూ వెనకా దిమ్మలు వేయాలి. షాఫ్టు ఊడిన బండిని గేరు ఆపదు. చెరువు గట్టు మీద అయితే అసలు ఆ పని పెట్టుకోవద్దు. తర్వాత ఫ్లాంజికీ (షాఫ్టు బోల్టులతో బిగిసే పళ్లెం) షాఫ్టుకూ, స్లిప్ యోక్‌కూ (యోకంటే క్రాసు కప్పులు కూర్చునే చెవులున్న పిడి, స్లిప్ యోకు ముందుకూ వెనక్కూ జారేది) ట్యూబుకూ తెల్ల పెయింటుతో ఒకే గీత గీయాలి. ఈ గీత లేకుండా ఊడదీసిన స్ప్లైన్ (పళ్లతో జారే అతుకు) మళ్లీ ఎక్కించేటప్పుడు ఒక్క పన్ను తప్పినా, 16 పళ్లదైతే 22.5 డిగ్రీల తేడా వస్తుంది. రెండు కొనల యోకులూ ఒకే తలంలో ఉంటేనే ఒక క్రాసు పుట్టించిన కుదుపును రెండోది చంపుతుంది. వంగి తిరిగే క్రాసు ఒక్కో చుట్టులో రెండుసార్లు షాఫ్టును వేగం పెంచి, రెండుసార్లు తగ్గిస్తుంది. 5 డిగ్రీల వంపులో ఆ తేడా అటూ ఇటూ 0.4 శాతమే, 10 డిగ్రీలకు 1.5 శాతం, 15 డిగ్రీలకు 3.5 శాతం. అంటే వంపు రెట్టింపైతే కుదుపు నాలుగు రెట్లు. పన్ను తప్పితే ఈ కుదుపు చావదు, కొత్త క్రాసులే దాన్ని మోస్తాయి.

కప్పులు దించడానికి సుత్తి వద్దు, బెంచి వైసు చాలు, ప్రెస్సు ఉంటే ఇంకా మేలు. కప్పు ముప్పావు వంతు దిగి ఆగిపోయిందా, అక్కడే ఆగండి. ఒక రోలరు పక్కకు ఒరిగి కప్పు అడుగున అడ్డంగా పడి ఉంటుంది. సుత్తితో ఇంకో దెబ్బ వేస్తే కప్పు దిగినట్టే అనిపిస్తుంది, లోపల మాత్రం ఆ రోలరు విరిగి ముక్కలై ఉంటుంది. వెనక్కి తీసి, రోలర్లను గట్టి గ్రీజుతో గోడకు అతికించి, క్రాసు కాలు కప్పులో ఉండగానే మళ్లీ నొక్కాలి. లాకులు పూర్తిగా గాడిలో కూర్చున్నాయో లేదో స్క్రూడ్రైవర్‌తో తిప్పి చూడాలి. అన్నీ పడ్డాక క్రాసు బిగుసుకుపోయి ఉంటే, ఇత్తడి సుత్తితో యోకు చెవుల మీద బయటి వైపుకు చిన్నగా తట్టండి. కప్పులు లాకులకు ఆనుకుని జాయింటు వదులవుతుంది. చేత్తో తిప్పితే కాస్త బరువుగా, ఎక్కడా పట్టకుండా కదలాలి, కప్పులో మాత్రం ఆట ఉండకూడదు. ఆట ఉంటే కొంచెం మందం లాకు వేయాలి.

కొత్త కప్పు యోకు రంధ్రంలోకి బొటనవేలితో నొక్కితే దిగిపోతోందా? అయితే పోయింది యోకు, ఏ కిట్టూ ఇక్కడ నిలవదు. రంధ్రం చుట్టూ సెంటర్ పంచితో చుక్కలు కొట్టి బిగుతు చేసే అలవాటు మన షెడ్లలో ఉంది. ఆ చుక్కల మొనలు నాలుగు లోడ్లకే అణిగిపోతాయి, కప్పు మళ్లీ వదులవుతుంది, తర్వాత షాఫ్టే ఊడే ప్రమాదం. దయచేసి అలా చేయించకండి. యోకు మార్చండి.

మూడు క్రాసులున్న షాఫ్టులో ఒకటి నీళ్లకు పోతే మిగతా రెండూ అవే నీళ్లు తాగి ఉంటాయి. ఒకేసారి మార్చేయడం మంచిది, షాఫ్టు దించిన కూలీ రెండోసారి పెట్టక్కర్లేదు.

గ్రీజు విషయానికొస్తే, ఎన్ని ఒత్తులు కొట్టాలని అడుగుతుంటారు. చేతి గన్ను ఒక్క ఒత్తుకు దాదాపు ఒక గ్రాము ఇస్తుంది, కానీ లెక్క ఒత్తులది కాదు. నాలుగు సీళ్ల దగ్గరా పాత నల్లటి గ్రీజు పోయి కొత్త గ్రీజు రంగు కనబడేదాకా కొట్టాలి. మూడు చోట్ల వచ్చి నాలుగో చోట రాకపోతే, షాఫ్టును ఆ కప్పు వైపునుంచి అవతలికి నెట్టి పట్టుకుని కొట్టండి. అప్పటికీ రాకపోతే ఆ కాలుకు దారి మూసుకుపోయింది, విప్పి చూడాల్సిందే. మూడు చాల్లే అని వదిలేస్తే ఆ నాలుగోదే ముందు పోయేది. స్లిప్ యోకుకు నిప్పల్ ఉంటే దాన్నీ మరవద్దు.

రకం దగ్గర, తారురోడ్డు బండికి లిథియం ఈపీ (ఎక్కువ ఒత్తిడి తట్టే రకం), ఎన్‌ఎల్‌జీఐ (గ్రీజు చిక్కదనం కొలత) 2 చిక్కదనం సరిపోతుంది. ఉప్పునీళ్ల బండికి కాల్షియం సల్ఫోనేట్ గ్రీజు వాడండి. ధర ఎక్కువే, కానీ నీళ్లు తగిలినా కొట్టుకుపోదు, తుప్పునూ ఆపుతుంది. రకం మార్చినప్పుడు పాతది పూర్తిగా బయటికొచ్చేదాకా తోసేయాలి, రెండు రకాలు కలిస్తే కొన్నిసార్లు పలచబడి కారిపోతాయి. ఎర్ర గ్రీజు, నీలం గ్రీజు అంటూ రంగు చెప్పి అడగకండి. రంగు కంపెనీ కలిపినది, దాన్ని బట్టి గుణం తెలియదు. లూజుగా డబ్బాలో తూకానికి అమ్మేది వద్దే వద్దు. పాతకాలపు సోడా గ్రీజు అయితే నీళ్లలో సబ్బులా కరుగుతుంది.

ఎన్నాళ్లకు? బండి పుస్తకంలో ఉన్న కిలోమీటర్లు పొడి నేలకు రాసినవి. ఐసు బండికి అందులో సగానికే కొట్టండి. వరద రోజుల్లో కిలోమీటర్ల లెక్క పక్కన పెట్టండి. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక ఇచ్చారంటే లంకల వైపు వెళ్లే బండికి ముందే ఒకసారి నిండా కొట్టి ఉంచాలి. షాఫ్టు మునిగిన ప్రతి ట్రిప్పు తర్వాత ఆ సాయంత్రమే మళ్లీ కొట్టాలి. మర్నాటికి వాయిదా వేస్తే రాత్రంతా నీళ్లు రోలర్ల మీద కూర్చుంటాయి. వాటర్ సర్వీసింగులో ప్రెషర్ గన్ను మూతిని క్రాసు సీళ్ల మీద దగ్గరగా పెట్టనివ్వకండి. వరదకన్నా ఎక్కువ నీళ్లు అదే ఎక్కిస్తుంది.

కిట్టు మీద పడే నిందల్లో కొన్ని కిట్టువి కావు. బండి కదిలేటప్పుడు, 15 నుంచి 30 కిలోమీటర్ల వేగం మధ్య, లోడుతో వణుకుతుంటే ముందు సెంటర్ బేరింగు (రెండు ముక్కల షాఫ్టును మధ్యలో పట్టుకునేది) చూడండి. షాఫ్టు రెండు ముక్కలుగా ఉండటానికి కారణం ఉంది. సుమారు 64 మిల్లీమీటర్ల ట్యూబును 2.2 మీటర్ల ఒకే ముక్కగా చేస్తే దాదాపు 2200 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దగ్గరే తాడులా విల్లై ఊగుతుంది. 1.1 మీటర్ల ముక్కలు చేస్తే ఆ హద్దు నాలుగు రెట్లు పైకి పోతుంది. ఛాసిస్ పొడుగు పెంచి షాఫ్టుకు లేతులో అతుకు వేయించేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. మధ్యలో పట్టుకున్న బేరింగు చుట్టూ రబ్బరు ఉంటుంది. కింద పడుకుని షాఫ్టును పైకెత్తి వదలండి, రబ్బరు చీలి ఉంటే పగులు నోరు తెరుచుకుంటుంది. ఈ బేరింగు ఎక్కువగా సీల్డే, గ్రీజు కొట్టేది కాదు, మార్చేదే.

60 దాటాకే వణుకు వస్తే లెక్క వేరు. గంటకు 80 కిలోమీటర్ల దగ్గర, హౌసింగ్ నిష్పత్తి 4.3 (చక్రం ఒక చుట్టుకు షాఫ్టు 4.3 చుట్లు) అనుకుంటే షాఫ్టు దాదాపు 2800 ఆర్‌పీఎం తిరుగుతుంది. ఆ వేగంలో ట్యూబు మీద ఒక పక్క 20 గ్రాముల బరువు తేడా ఉంటే చాలు, ఆరు కేజీల బలంతో సెకనుకు 46 సార్లు లాగుతుంది. గట్ల మీది నల్లమట్టి యోకు మెడ దగ్గర పట్టి ఎండితే 20 గ్రాములు ఎంతసేపు? కాబట్టి బ్యాలెన్సింగుకు పరుగెత్తే ముందు షాఫ్టును గీకి కడగండి. వెల్డు చేసిన చిన్న బ్యాలెన్స్ రేకు ఊడిన మచ్చ ఉందేమో చూడండి. వల దారం, నైలాన్ తాడు చుట్టుకుని ఉంటే బ్లేడుతో కోసి తీయండి. ఆ దారమే హౌసింగ్ పినియన్ (షాఫ్టు తిప్పే చిన్న గేరు) సీలులోకి దూరి దాన్ని కోస్తుంది. ఇవన్నీ అయ్యాక కూడా వణికితే మిషను మీద తిప్పి బ్యాలెన్స్ చేసే చోటికే వెళ్లండి. రెండు దిమ్మల మధ్య పెట్టి చేత్తో దొర్లించి చూస్తే పూర్తి తేడా దొరకదు. ఎనిమిది కేజీల షాఫ్టుకు, 3000 ఆర్‌పీఎంకు, ఐఎస్ఓ జీ16 అనే బ్యాలెన్సింగు ప్రమాణం ప్రకారం ఒక్కో కొనలో మిగలనిచ్చే తేడా ట్యూబు అంచు దగ్గర ఆరు గ్రాములు. అంతకు లోపు చూపించిన కాగితం అడిగి తీసుకోండి.

అదనపు కమాన్ పట్టీ వేయించిన బండ్లలో కిట్లు త్వరగా పోతున్నాయంటే ఆశ్చర్యం లేదు. వెనక లేచేసరికి షాఫ్టు వంపు పెరుగుతుంది. ఫోనులో కోణం కొలిచే యాప్‌తో గేర్‌బాక్సు ఫ్లాంజి, షాఫ్టు, పినియన్ ఫ్లాంజి మూడూ కొలవండి, లోడుతో ఒకసారి, ఖాళీగా ఒకసారి. ఒక్కో క్రాసు దగ్గర 3 డిగ్రీల లోపుంటే మంచిది, కనీసం అర డిగ్రీ ఉండాలి. సున్నా ఉన్నా రోలర్లు కదలక గాళ్లు పడతాయి. ముందూ వెనకా కోణాలు సమానంగా లేకపోతే ఇరుసు దగ్గర వాలు దిమ్మ (వెడ్జ్) పెట్టి సరిచేయించాలి, కొత్త కిట్టు దాని తర్వాతే.

షాఫ్టు మునిగిందంటే హౌసింగ్ కూడా మునిగినట్టే. వేడెక్కిన హౌసింగ్ చల్లటి నీళ్లలో దిగగానే లోపలి గాలి ముడుచుకుని బ్రీదర్ (హౌసింగ్‌కు గాలి ఆడే చిన్న మూతి) నుంచీ సీళ్ల నుంచీ నీళ్లు లాక్కుంటుంది. బండిని రాత్రంతా సమంగా నిలబెట్టి, పొద్దున్నే కదపకుండా డ్రెయిన్ బోల్టును రెండు చుట్లు వదులు చేయండి. నీళ్లుంటే ముందు అవే కారతాయి. ఆయిలు పాల టీ రంగులో ఉంటే మొత్తం తీసేసి పుస్తకంలో చెప్పిన జీఎల్-5 రకం గేరు ఆయిలు పోయాలి. బ్రీదరుకు రబ్బరు గొట్టం తగిలించి బాడీ ఎత్తుకు కట్టుకుంటే ఈ బెడద చాలా తగ్గుతుంది, అయ్యే ఖర్చూ తక్కువే.

కొనేటప్పుడు మా వరస ఇది: ఉప్పునీళ్లు, ఐసు, కాజ్‌వే ఉన్న బండికి రెండు పెదవుల సీలున్న నిప్పల్ కిట్టు, కాల్షియం సల్ఫోనేట్ గ్రీజు. తారురోడ్డు సరుకు బండికి, స్కూలు వ్యానుకు సీల్డ్ కిట్టు. మార్పించే పని కాలువలు కట్టేసే వేసవిలో పెట్టుకుంటే గట్లు ఆరి ఉంటాయి, షెడ్డు దగ్గరా తొందర ఉండదు. కిట్టుతో పాటు రెండు విడి నిప్పళ్లు, ఒక జత లాకులు తీసుకుని డ్యాష్‌బోర్డులో పడేసుకోండి. గట్టు రాళ్లు తగిలి విరిగేది నిప్పలే. విరిగిన రంధ్రం తెరిచి ఉన్న ఒక్క ట్రిప్పుకే క్రాసు నిండా నీళ్లు చేరతాయి.